అమ్మ సగంలో ఆపిన కథ

మా రామ్ చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడమంటేనే నాకు భయం. వాడు నా తమ్ముడు, రాజధాని సువాలో ఆఫీసు ఉద్యోగం, పని కంటే మాటలెక్కువ. అయినా ఆ శనివారం మధ్యాహ్నం మా ఊరు వాయినికోరోలో ఇంటి కంప్యూటర్ విప్పింది వాడే. వారం నుంచి హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటోంది. ఫొటోలు పోతే పోనీ, అందులో అమ్మ గొంతు ఉంది. పోయినేడు అమ్మ కన్నుమూశాక మాకు మిగిలింది అదొక్కటే.

బయట ముసురు. కాల్చిన చెరుకు మసి తడిసి, ఆ వాసన ఇంట్లోకి వస్తోంది. కిటికీలు మూసేసరికి పట్టపగలే గదంతా చీకటైంది. కొత్త డిస్కు బిగించి, పాతదాన్ని పక్కన తగిలించి, ముందు అమ్మ ఫైలే కాపీ చేశాం. అది అవగానే పాతది గట్టిగా ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది.

"బతికించావురా నాయనా!" అన్నాను. నిజంగా వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఫైలు తెరిచాం. అమ్మ తెలుగులో చెప్పిన కథ. చచ్చిపోయిన తల్లి చిన్నకొడుకుని వదిలి ఉండలేక, వాణ్ణి తీసుకుపోవడానికి బయల్దేరుతుంది. ఏటి గట్టు దాకా వస్తుంది. అంతే, అక్కడితో సరి. ఎదురుగా ఊ కొట్టేవాళ్ళు లేకపోతే అమ్మ కథ చెప్పదు. రికార్డు చేసిన రోజు ఈ మహానుభావుడేమో అందర్నీ నోరు మూసుకోమన్నాడు! మా ఇద్దరి మాటలూ హిందీలోనే; వాడికి తెలుగు రాదు, ఊ కొట్టడం గురించి ఏం తెలుస్తుంది?

ఈసారీ అక్కడే ఆగింది. అలవాటు కొద్దీ నా నోట్లోంచి "ఊ" అని వచ్చేసింది.

"ఏరు దాటింది," అంది అమ్మ.

ఆ మాట ఇంతకుముందు లేదు.

"ఇంకా ఉందా అక్కా? చూశావా నా పనితనం!" అన్నాడు రామ్ హిందీలో. వాడి మొహం వెలిగిపోతోంది.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. మళ్ళీ "ఊ" అన్నాను.

"చెరుకుతోట దాటింది."

"ఊ."

"నీలం రేకుల ఇల్లు కనిపించింది."

అది మా ఇల్లే. రేకులకి నీలం రంగు వేయించింది పోయిన నెలలో... అమ్మ ఆ రంగు చూడనే లేదు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. స్పీకర్లో ఊపిరి వినిపిస్తోంది... నెమ్మదిగా... ఎదురు చూస్తున్నట్టు.

"ఆపేశావేంటక్కా? అను," గుసగుసగా అన్నాడు రామ్.

"వద్దురా... అది అమ్మ కాదు."

"అమ్మ గొంతు నాకు తెలీదా?" వాడి కళ్ళనిండా నీళ్ళు.

ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే వాడు ఆ నల్లటి తెర మీదికి వంగి, గారంగా, "ఊ..." అన్నాడు.

"తలుపు తీసే ఉంది," అంది అమ్మ.

వంటింట్లోంచి.

రామ్ లేచాడు. నవ్వుతూ వంటింటి చీకట్లోకి చెయ్యి చాచి నడిచాడు. వాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగాను. నేనేం పీలమనిషిని కాదు, చెరుకు మోపులెత్తిన ఒళ్ళు నాది. అయినా వాడు కొంచెం కూడా వెనక్కి రాలేదు.

అటువైపు నుంచి కూడా ఎవరో లాగుతున్నారు.