నీలం ప్యానెల్

“పదకొండింటికి పడవ పేలిపోతుంది. ఇప్పుడు ఎనిమిదిన్నర,” అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీద పడేస్తూ.

రహస్య శాఖలో గద్ద అని పేరుపడ్డ ఏజెంటు నిటారుగా కూర్చున్నాడు.

“పడవలో పన్నెండు మంది మన సైంటిస్టులు. ప్రయాణం ఆపితే బాంబు పెట్టిన ముఠా జారుకుంటుంది, మన డబుల్ ఏజెంట్ సంపెంగ ప్రాణం పోతుంది. బాంబుకి కరెంటు పడవ స్విచ్‌ల ప్యానెల్‌లోంచే వెళ్తోందట. మిగతాది సంపెంగ చెబుతుంది. పడవలకీ, ఇల్లులా వాడుకునే క్యాంపర్ వ్యాన్లకీ సామాను అమ్మే షాపు, ముఠాదే. ప్యానెల్ కొనే వ్యాన్ ఓనరులా వెళ్ళు.”

ప్యానెల్ అనగానే గద్ద చెయ్యి జేబులోని పాత చీటీ మీదికి పోయింది.

ఆరు నెలల కిందట శాఖ వైర్‌లెస్ వ్యాన్ తగలబడింది. దాని వైరింగ్ చేసిన టెక్నీషియన్ గద్దకు స్వయానా బావ, అక్క మొగుడు. “పన్నెండు వోల్టుల బ్యాటరీ కరెంటుకు చేసిన ప్యానెలే తే. తీగ మందాన్ని బట్టి, కరెంటు ఎక్కువైతే తుంచే బ్రేకర్లు చూసుకో. ఒక స్విచ్ ఖాళీగా మిగలాలి,” అని బావ ముందే చీటీ రాసిచ్చాడు. గద్ద దాన్ని జేబులోంచి తియ్యనే లేదు. నీలం లైట్లతో తళతళలాడే ప్యానెల్ ఒకటి కంటికి నచ్చింది. తెచ్చి, బావ వచ్చేలోపు తానే బిగించేశాడు. వ్యాన్ కాలిపోయాక ఎంక్వైరీలో ‘వైరింగ్ లోపం’ అని రాసి సంతకం పెట్టాడు. బావ ఉద్యోగం పోయింది. రేవులో పడవలు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నాడు. తుపాకులకు ఎదురెళ్ళే గద్ద ఆనాటి నుంచి అక్క గడప తొక్కలేదు.

షాపులో సంపెంగ ఎర్రచీరలో మెరిసిపోతోంది. కౌంటరు చివర ఒక బండమనిషి పేపరు చదువుతున్నాడు.

“ఎనిమిది స్విచ్‌ల ప్యానెల్ కావాలండి,” అన్నాడు గద్ద.

“ఎనిమిది వాడేవాళ్ళు పది కొంటారు సార్.” కోడ్ కలిసింది. “ఫ్రిజ్ ఉందా? నీళ్ళ పంపు? తీగ ఎంత మందం?”

“మామూలు తీగేనండి.”

“మామూలు తీగంటూ ఉండదు. బ్రేకరు కాపాడేది ఫ్రిజ్‌ని కాదు, తీగని. ఆమాత్రం తెలీకుండా వ్యాన్ ఎలా నడుపుతున్నారు?”

బండమనిషి తలెత్తి చూశాడు. గద్ద వెర్రినవ్వు ఒకటి నవ్వాడు. ఆ నవ్వులో నటన ఏమీ లేదు.

సంపెంగ క్యాటలాగు తిప్పి ఒక ఫొటో మీద గోరు ఆనించింది. “ఇది మాత్రం కొనకండి. నిన్న ఒక పడవకి వెళ్ళింది. ఇంటి కరెంటుకి చేసిన సరుకు. చూడ్డానికి బాగుందని ఎగబడి కొనే మహానుభావులు ఇంకా ఉన్నారు.”

నీలం లైట్లు. అదే మోడల్. తాను కొన్నది కూడా ఈ షాపులోనే. గద్ద చెవులు భగ్గుమన్నాయి.

పది యాభైయేడు. పడవ తీరం దాటి చాలాదూరం వచ్చేసింది. మెకానిక్ వేషంలో గద్ద ఇంజన్ గదిలో ఉన్నాడు. బాంబు ఉన్న పెట్టెను ఇంజన్ కింద వెల్డింగ్ చేసేశారు. బయటికి కనిపించేది టైమరు ఒక్కటే. ప్యానెల్ మెయిన్ బ్రేకరు దించాడు. టైమరు ఆగలేదు. మళ్ళీ ఎత్తి దించాడు. అంకెలు తగ్గుతూనే ఉన్నాయి.

చొక్కా గుండీలోని వైర్‌లెస్ నొక్కాడు. “సార్, మా బావకి లైన్ కలపండి!”

“వ్యాన్ తగలబెట్టినవాడికా?” అన్నాడు చీఫ్.

“కలపండి సార్!”

అటువైపు సుత్తి చప్పుడు, ఆపైన బావ గొంతు. “ఎవరూ?”

“నేనే బావా. పడవలో బాంబుంది. మెయిన్ దించాను, కరెంటు ఆగట్లేదు.”

“మెయిన్ దించాక ఆగాలే. సరిగ్గా దించావా?”

“దించాను. ఆ రోజు వ్యాన్‌లోనూ ఇంతే, దించినా ఆగలేదు. ఇది అదే ప్యానెల్ బావా. ఇంటి కరెంటుది. నీ చీటీ నేను చదవలేదు. తప్పు నాది, పేరు నీది రాశాను.” చీఫ్ లైన్లోనే ఉన్నాడని గద్దకు తెలుసు.

అటువైపు సుత్తి కింద పెట్టిన చప్పుడైంది. ఆ క్షణం కూడా టైమరు మీద ఖర్చయింది.

“దానికి బ్యాటరీ కరెంటుని తుంచే శక్తి లేదురా. పిడి దిగినా లోపల రేకులు అతుక్కుపోయుంటాయి. దాన్ని వదిలెయ్. బ్యాటరీ దగ్గరికి పో. నల్ల తీగ నట్టు విప్పు. స్పానరు ఎర్రదానికి తగలనివ్వకు.”

ఇరవై సెకన్లు. చెమటకు స్పానరు జారింది. తొమ్మిది. నట్టు తుప్పు పట్టి ఉంది. నాలుగు. కదిలింది. నల్ల తీగ ఊడి చేతిలోకి వచ్చింది.

టైమరు ఆరిపోయింది. పైన సైంటిస్టులు లైట్లు పోయాయని విసుక్కోవడం వినిపించింది.

“బతికావా?” అన్నాడు బావ.

“బతికాను. అక్కకి నేనే వచ్చి చెప్పనా?”

“నువ్వే చెప్పు. నేను మాత్రం ఆ దరిదాపుల్లో ఉండను.”

సాయంత్రానికి బండమనిషితో సహా ముఠా అంతా లాకప్‌లో ఉంది. గద్ద రిపోర్టు తిరగరాసి సంతకం పెట్టాడు. చీఫ్ చదివి, బావను వెనక్కి పిలిపించే కాగితం టైపు చేయించాడు. ఆ తర్వాత గద్ద హోదా రెండు మెట్లు దించి, బావ కింద హెల్పరుగా వేశాడు.

మర్నాడు కొత్త వ్యాన్‌కి ప్యానెల్ కొనడానికి గద్ద అదే షాపుకెళ్ళాడు. షాపు ఇప్పుడు శాఖది. సంపెంగ అక్కడే ఉంది. గద్ద జేబులోంచి చీటీ తీసి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదివాడు.

“మహానుభావులు ఈసారి కళ్ళజోడు తెచ్చుకున్నట్టున్నారే,” అంది సంపెంగ, నీలంది తీసి చెత్తబుట్టలో వేస్తూ.