పావురాల దేవిడీ మలుపు

లాల్‌దర్వాజా గల్లీల్లోంచి పెద్దరోడ్డు ఎక్కబోయే ముందు పావురాల దేవిడీ మలుపు వస్తుంది. నవాబుల నాటి పాత బంగళా అది. వారసుల కోర్టు కేసులో తాళం పడింది. మనుషులు పోయారు, పావురాలు మిగిలాయి. చీకటి పడ్డాక ఆ గోడ పక్కన బండి ఆపొద్దని ఆటోవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆపితే లోపల ఎవరో మెల్లగా దగ్గుతారట... తలుపుకేమో తాళం అలాగే ఉంటుందట.

శశిధర్ ఇలాంటివి నమ్మే రకం కాదు. ఇరవై నాలుగేళ్లవాడు. తండ్రి స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చునేవాడు. 2004లో, రెండేళ్లు వాడిన ఒక చిన్న కారు కొన్నాడు. కొన్నది కొన్నట్టు ఉంచడానికి వాడి మనసు ఒప్పలేదు. కార్వాన్‌లో మెకానిక్ మొయిజ్ భాయ్ షెడ్డుకు తీసుకుపోయి, స్ప్రింగులు కోయించి బండిని నేలకు దించాడు. పదమూడు అంగుళాల చక్రాలు పీకించి, పదిహేను అంగుళాల వెడల్పాటి అల్లాయ్ చక్రాలు వేయించాడు. గల్లీ అంతా నిలబడి చూసింది.

మొయిజ్ భాయ్ ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. వెనక సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దన్నాడు. బరువు పడితే బండి ఇంకా దిగుతుంది, మడ్‌గార్డు అంచు టైరుకు రాసుకుంటుంది, కొత్త టైరు కోసుకుపోతుంది. నెల తర్వాత తెస్తే ఆ అంచు కొట్టి లోపలికి మడుస్తానన్నాడు.

ఆ మర్నాడే జరిగింది.

సెప్టెంబరు నెల. సాయంత్రం ఏడున్నర. వాన. ఎదురింటి భిక్షపతి తడుస్తూ వచ్చి తలుపు కొట్టాడు. వాళ్లావిడ నాగమణమ్మకు గుండెలో నొప్పి, చెమటలు... పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

నాగమణమ్మ శశిధర్‌కు పరాయిది కాదు. పిల్లలు లేని మనిషి. వాడు బడి నుంచి రాగానే తన ఇంటి అరుగు మీదే అన్నం పెట్టేది. వాడు అత్తమ్మా అని పిలిచేవాడు.

ఆ క్షణంలో వాడికి ఏం తోచిందో వాడే తర్వాత చెప్పుకోలేకపోయాడు. వెనక ఇద్దరు. ఆసుపత్రి దాకా గుంతలే గుంతలు. కొత్త టైర్లు...

"చక్రం జామైంది మామ. బండి కదుల్తలేదు."

నోట్లోంచి వచ్చేసింది. భిక్షపతి ఆటో కోసం వానలోకి పరిగెత్తాడు. కాసేపటికి ఆటో వచ్చింది. నాగమణమ్మ ఛాతీ పట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ దిగుతూ తూలి, శశిధర్ కారు మీద చెయ్యి వేసి ఆసరా తీసుకుంది. కిటికీ సందులోంచి వాడు చూశాడు. బయటికి రాలేదు.

ఆటో పావురాల దేవిడీ మలుపు దాకే పోయింది. మోకాళ్ల లోతు నీళ్లు. ఇంజన్ ఆగిపోయింది. భిక్షపతి ఇంకో బండి కోసం రోడ్డు మీద నిలబడి చేతులూపాడు. బండి దొరికి వెనక్కి వచ్చేసరికి... ఆ గోడ పక్కనే... ఆటోలోనే ఆమె ప్రాణం పోయింది.

పదకొండు రోజులు శశిధర్ కారు ముట్టలేదు. పన్నెండో రోజు ఇంట్లో ఉండలేక తీశాడు. రాత్రి ఎనిమిది. కరెంటు పోయింది. బండిలో తనొక్కడే.

దేవిడీ మలుపు తిరిగాడు.

స్ర్‌ర్‌ర్...

వెనక నుంచి. ఎడమ పక్క నుంచి. రబ్బరు కాలిన వాసన.

అద్దంలో చూశాడు. వెనక సీటు ఖాళీ. రెండు గుంతలు దాటాడు. రెండుసార్లూ అదే చప్పుడు... ఎవరో కూర్చుంటే వచ్చే చప్పుడు. యూటర్న్ కొట్టి ఇంటికొచ్చి పడ్డాడు. వచ్చేటప్పుడు దేవిడీ దాటగానే చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పోయాడు. అదే మలుపు, అదే చప్పుడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. మళ్లీ దేవిడీ దగ్గరే ఆగింది. ఆ రాత్రంతా, చప్పుడు ఇంటి దాకా రాకుండా అక్కడే ఎందుకు ఆగుతోందని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

మూడో రోజు వాడు బండి వెనక్కి తిప్పలేదు. చప్పుడు మొదలవ్వగానే స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. వేగం తగ్గించాడు. ప్రతి గుంత దగ్గరా, లోపల జబ్బు మనిషి ఉన్నట్టే, మెల్లగా ఎక్కించి మెల్లగా దించాడు. స్ర్‌ర్‌ర్... స్ర్‌ర్‌ర్... అద్దం వైపు చూడలేదు.

"జరంత ఓపిక పట్టు అత్తమ్మా... వచ్చేసినం... వచ్చేసినం..."

పెద్దాసుపత్రి గేటు ముందు ఆపాడు. దిగి, వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు. వాచ్‌మన్ టార్చి వేసుకుంటూ వచ్చి, పేషెంటు ఏడని అడిగాడు. శశిధర్ తలుపు మూశాడు.

వచ్చేటప్పుడు దారంతా గుంతలే. ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు.

తెల్లారగానే మొయిజ్ భాయ్ షెడ్డుకు పోయాడు. స్ప్రింగు విరిగిందనో, చక్రం వదులైందనో చెబుతాడని ఆశ. మొయిజ్ భాయ్ జాకీ పెట్టి, అన్నీ తట్టి తట్టి చూశాడు. స్ప్రింగులు బాగున్నాయి. నట్లు బిగువుగా ఉన్నాయి. బండి దించి, టైరుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లు పెట్టాడు. సులువుగా దూరాయి. తనే వెనక ఎడమ పక్క కూర్చుని ఊగి చూశాడు. టైరు రాసుకుంది. దిగాడు. మళ్లీ రెండు వేళ్ల సందు.

ఆ తర్వాత టార్చి వేసి మడ్‌గార్డు లోపల చూశాడు. ఎడమ పక్క మాత్రమే, అంచు పొడుగునా నల్లటి రబ్బరు పొడి. కొత్తది.

"పీఛే కౌన్ బైఠా థా?" వెనక ఎవరు కూర్చున్నారు, అని.

"ఎవ్వరు లేరు భాయ్."

మొయిజ్ భాయ్ వాడి మొహం చూశాడు. అంచు కొట్టనా అంటే వద్దని చెప్పి శశిధర్ బయల్దేరాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఎదురింటి అరుగు ఎక్కాడు. భిక్షపతి ఒక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. శశిధర్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. చక్రం జామ్ కాలేదని, టైర్ల కోసం అబద్ధమాడానని. ఆ తర్వాత మలుపు దగ్గర వినిపించింది కూడా చెప్పాడు. ఆసుపత్రి గేటు, తెరిచిన తలుపు... అన్నీ.

భిక్షపతి చేటలోంచి ఇంకో రాయి ఏరి పక్కన పడేశాడు.

"బండి మంచిగనే ఉందని నాకు గప్పుడే తెల్సు," అన్నాడు. "పొద్దున్నే గల్లీల తిప్పినవ్ గద. ఆటో ఎక్కినంక నిన్ను తిట్టవోయిన. మీ అత్తమ్మ తిట్టనియ్యలె."

చేట పక్కన పెట్టాడు.

"పోరడు భయపడ్డడు, ఏమనకు, అన్నది. పోయేటప్పుడు ఆటోల పోదాం... వాపసు వచ్చేటప్పుడు శశి బండిల ఇంటికొద్దాం, వాడే వచ్చి తీస్కపోతడు, అన్నది. గదే ఆఖరి మాట."

శశిధర్‌కు అప్పుడు అర్థమైంది. నిన్న రాత్రి తలుపు తీసి, ఆమెను ఆసుపత్రి దగ్గరే దించేసి... ఉత్త బండితో ఇంటికి వచ్చాడు.

జేబులోంచి కారు తాళంచెవి తీసి మెట్లు దిగాడు. వెనక చెప్పుల చప్పుడయ్యింది. భిక్షపతి తలుపుకు గొళ్లెం పెట్టి వస్తున్నాడు. శశిధర్ వెనక తలుపు తీయబోయాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె కోసం వెనక సీటు ఖాళీగా వదిలి, ముందు కూర్చున్నాడు.