మడత తప్పిన మూడు చుక్కలు

ఎం.టెక్. చదివిన ఏజెంటు చచ్చిపోయాక గానీ గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు ఏడో తరగతితో ఆపేసినవాడు గుర్తుకు రాలేదు.

చచ్చిపోయినవాడు నకిరేకల్ బైపాస్ మీద నిమ్మకాయల లారీ కింద పడ్డాడు. పడ్డాడని పోలీసులు రాశారు. తోశారని డిపార్ట్‌మెంట్ రాసుకుంది. అతని జేబులో ఒక గడుల కాగితం దొరికింది. గడులు నింపి గీసిన కోట బొమ్మ. దాని కింద రెండే మాటలు: 'రోజూ చూడాలి.'

ఆలేరు స్టేషన్ వెనక 'పురుగుమందుల పరీక్షా కేంద్రం' అనే బోర్డు ఉంది. లోపల పురుగుమందు ఉండదు, చీఫ్ రాజేందర్ ఉంటాడు. ఆయన ఆ కాగితాన్ని బల్ల మీద జరిపాడు.

“ఏమిటిది?”

“కోట సార్,” అన్నాడు సిద్దిరాములు.

“అది మాకూ కనిపిస్తోంది. ల్యాబ్‌లో ముగ్గురు డాక్టరేట్లు పదిహేను రోజులు చూశారు.”

“ఏమన్నరు సార్?”

“కోట అన్నారు.”

ఏజెంట్ సిద్దిరాములుకు నలభై ఆరేళ్ళు. పుట్టపాకలో మగ్గం ఇంట్లో పుట్టాడు. బడి మానేసి, గడుల కాగితం చూసి నూలుకు ముళ్ళు కట్టి రంగుల్లో ముంచే చిటికి పని నేర్చాడు. గడులు చదవడంలో అతన్ని మించినవాడు డిపార్ట్‌మెంట్‌లో లేడు. అయినా పదేళ్ళుగా చీరల మూటతో ఊళ్ళు తిరిగే వేషం తప్ప ఇంకొకటి ఇవ్వలేదు.

“మిషన్ విను,” అన్నాడు రాజేందర్. “నల్లగొండ గడియారం చౌరస్తా. 'పిక్సెల్ గురుకులం'. వీడియో గేమ్ ప్రోగ్రామింగ్, వీడియో గేమ్స్ చరిత్ర నేర్పుతారు. అది ముసుగు. వెనక విదేశీ గూఢచారుల రింగ్ ఉంది. వాళ్ళ టార్గెట్ కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున, గుండ్లగట్టు పంప్‌హౌస్. అక్కడి కంట్రోల్ కంప్యూటర్‌లో వాళ్ళ ప్రోగ్రాం ఇప్పటికే దూరి పడుకుంది. ఆర్డర్ వస్తే లేస్తుంది. ఆర్డర్ ఎలా వస్తుందో కనిపెట్టాలి.”

“లేస్తే ఏమైతది?”

“గేట్లు తెరుచుకుంటాయి. మోటార్ల హాలు నూట యాభై అడుగుల లోతులో ఉంది. నది లోపలికి వస్తుంది. షిఫ్టుకు నలభై రెండు మంది.”

“పంప్‌హౌస్ బంద్ పెట్టొచ్చు గద సార్?”

“లెటర్ రాశాం. ఫైల్ తిరుగుతోంది.”

సిద్దిరాములు ముందుకు వంగాడు. “మా చెల్లె మంజుల అండ్లనే ఆపరేటర్ సార్. పగటి షిఫ్టు.”

“తెలుసు. ఆమెకు చెప్పొద్దు. టాప్ సీక్రెట్.”

ఫైల్ ఊరంతా తిరగొచ్చు, చెల్లెలికి మాత్రం తెలియకూడదు. అదీ డిపార్ట్‌మెంట్.

గాడ్జెట్లు ఇచ్చారు. కెమెరా పెన్ను రాయదు, ఫొటోలూ తీయదు. ట్రాన్స్‌మిటర్ వాచీ మాత్రం టైము బాగా చూపిస్తుంది. నూలు పోగులు లెక్కపెట్టే సొంత భూతద్దాన్ని సిద్దిరాములు జేబులో వేసుకున్నాడు.

“లోపల మన మనిషి ఉంది,” అన్నాడు రాజేందర్. “ భాగ్యశ్రీ. కోడ్‌నేమ్ క్వీన్. నీలాగే చేనేత కుటుంబం. మెషీన్లు బాగుచేసే బషీర్ కూడా మనవాడే. కోడ్ మాట: రెండు కట్టెలు, ఒక చుక్క. జవాబు: డెబ్బై రెండు.”

సిద్దిరాములు బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేశాడు.

“మంజులా, ఓ నెల సెలవు పెట్టరాదు?”

“ఏంటికే అన్నా?”

“ఊరికెనే.”

“ఊరికెనే సెలవిస్తరా? నీ లెక్క చీరల మూట కొలువు గాదు నాది.” ఫోన్ పెట్టేసింది.

పిక్సెల్ గురుకులంలో నలభై కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు, ఒక అంకుల్. అంకుల్ వేషం: వ్యాపారం దెబ్బతిని గేములతో బాగుపడదామని వచ్చిన చీరల సేఠు. ఎవరూ అనుమానించలేదు. ఈ జిల్లాలో దెబ్బతిన్నవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు.

మూల బల్ల దగ్గర కీబోర్డు విప్పుతున్న బక్కమనిషి తల ఎత్తకుండానే అన్నాడు. “రెండు కట్టెలు, ఒక చుక్క.”

“డెబ్బై రెండు.”

“బషీర్. బస్టాండ్ కాడ నాకు వీడియో గేమ్ పార్లర్ ఉండె భాయ్. ఎనిమిది డబ్బాలు. సెల్‌ఫోన్లొచ్చి మింగినయ్. ఇప్పుడు గీ సార్ నాకే చరిత్ర చెప్తడు!”

ఆ సార్ డైరెక్టర్ సతీశ్. విదేశంలో నాలుగేళ్ళు ఉండి, తెలుగును అక్కడి లాకర్‌లో పెట్టి వచ్చాడు.

“హలో గేమర్స్! నైన్టీన్ సెవెంటీ టూ. స్క్రీన్ మీద రెండు కట్టెలు, ఒక చుక్క. అంతే గేమ్! జనం క్యూ కట్టి కాయిన్స్ వేశారు. ఎయిటీ త్రీలో అమెరికన్ మార్కెట్ క్రాష్. అమ్ముడుపోని క్యాసెట్లను ఎడారిలో పూడ్చారు.”

అమ్ముడుపోని సరుకు సంగతి సిద్దిరాములుకు కొత్త కాదు. చేనేత సొసైటీ గోదాంలో ఎలుకలకు కూడా తెలుసు.

“సెవెంటీ సెవెన్‌లో ఇంటికొచ్చిన ఒక మెషీన్‌లో ర్యామ్ ఎంత? నూట ఇరవై ఎనిమిది బైట్లు! అందుకే సీనరీలో ఎడమవైపు ఇరవై గడులే గీసేవారు. కుడివైపు ఇరవైని మెషీనే అద్దంలా తిప్పేది. మిర్రర్ మోడ్. మనం తయారుచేస్తున్న 'కోట' గేమ్ దానికి అచ్చమైన కాపీ. రోజూ పన్నెండుకు మన సైట్‌లో డెమో. కోడ్ ఎంతైనా మార్చుకోండి. కోట బొమ్మ ఫైల్ మాత్రం ముట్టొద్దు.”

సిద్దిరాములుకు నవ్వొచ్చింది. చిటికిలోనూ నూలును మడిచి సగం బొమ్మకే ముళ్ళు కడతారు. విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. డెబ్బై ఏడు నాటి ఆ తెలివైన పనిని వాళ్ళవ్వ అంతకు ముందే కాళ్ళు చాపుకుని కూర్చుని చేసేది. ఆమెకు ఎవరూ డైరెక్టర్ కుర్చీ వేయలేదు.

క్లాసు అయ్యాక భాగ్యశ్రీ వచ్చి పక్కన కూర్చుంది. అందానికి అందం, సెంటుకు సెంటు. పట్టు చీర మీద చిటికి బొమ్మలు.

“నేనూ పద్మశాలీల పిల్లనే అన్నా,” అంది మెల్లగా. “గీ చీర మా నాయిన నేసిండు.”

పల్లు అంచు బల్ల మీద పడింది. సిద్దిరాములు భూతద్దం తీయాల్సిన పని కూడా లేకపోయింది. చిటికి నేతలో బొమ్మ అంచులు చెదురుతాయి, రంగు రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఇక్కడ అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి. పల్లు వెనక వైపు తెల్లగా పాలిపోయి ఉంది. ప్రింటు. నేసేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ప్రింటు చీరలే కడతారు, నేసింది అమ్ముకోవాలి కాబట్టి. అందులో తప్పు లేదు. కానీ మా నాయిన నేసిండు అని ఎవరూ అనరు.

ఆ సాయంత్రమే బషీర్‌తో అన్నాడు. “క్వీన్ మనది గాదు. ఆమె సంచి మీద జర కన్నెయ్యి.”

“ఫికర్ జెయ్యకు భాయ్.”

సిద్దిరాములు నేర్చుకున్నాడు. ఒకటి వేస్తే గడిలో రంగు, సున్నా వేస్తే ఖాళీ. ఒంటివేలితో కొట్టేవాడు. వెనక బెంచీ పిల్లలు ఆ వేలిని చూసి 'జాయ్‌స్టిక్ అంకుల్' అని పేరు పెట్టారు. రోజూ డెమోకు ముందు కోటను చూసేవాడు. ఎడమ ఇరవై, కుడి ఇరవై. మడత సరిగ్గా కూర్చునేది. పదహారు రోజులు.

పదిహేడో రోజు పిల్లలకు సెలవిచ్చారు. అంకుల్‌కు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ క్లాసులో బషీర్ ఒక్కడే మెషీన్లు తుడుస్తున్నాడు. పదకొండు నలభై ఒకటికి సిద్దిరాములు కోటను చూసి ఆగిపోయాడు.

కుడివైపు మూడు చుక్కలు ఎక్కువ. మూడో వరస, ఏడో వరస, పదకొండో వరస.

మిర్రర్ మోడ్‌లో మెషీన్ తప్పు చేయదు. చేత్తో ఎవరో వేశారు. పోయిన ఏజెంటు రాసింది ఇందుకే. కోటలో ఏముందో కాదు, కోట ఏ రోజు మారుతుందో చూడాలి. ఆర్డర్ బొమ్మలోనే వస్తోంది. మూడు చుక్కలు, మూడు గేట్లు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. రాజేందర్ పంప్‌హౌస్ ఆఫీసుకు చేసి, ఆరు నిమిషాల తర్వాత తిరిగి చేశాడు.

“ఖాళీ చేయించాలంటే రాతపూర్వకంగా పంపమంటున్నారు.”

“నలభై రెండు మంది సార్!”

“టైప్ చేయిస్తున్నాను.”

మంజులకు నాలుగైదుసార్లు చేశాడు. కవరేజ్ ఏరియాలో లేదు. నూట యాభై అడుగుల కింద ఏ టవరూ అందదు.

ఫోన్ జేబులో వేసి కోట ఫైల్ తెరిచాడు. మెడ వెనక చల్లగా ఇనుము తగిలింది.

“చేతులు తియ్యండి, అంకుల్.” భాగ్యశ్రీ గొంతులో తెలంగాణ మాయమైంది. “మీకంటే ముందొచ్చిన ఎం.టెక్. గారు కూడా ఇదే ఫైల్ తెరిచారు. ఆయన సంగతి రిపోర్ట్ చేసింది నేనే.”

సతీశ్ తాపీగా వచ్చి గడియారం చూశాడు. పదకొండు యాభై ఆరు. “ఆ ఫైల్‌కు లాక్ కూడా వెయ్యలేదు, తెలుసా? ఇందులో మీకు ఏం అర్థమవుతుందని వెయ్యాలి? రోజూ పన్నెండుకు అక్కడి మా ప్రోగ్రాం ఈ బొమ్మను చూస్తుంది. రెండు సగాలూ ఒకేలా ఉంటే పడుకుంటుంది. తేడా ఉంటే ఆ వరస నంబర్ గేటు తెరుస్తుంది. బొమ్మ కనబడకపోతే అన్ని గేట్లూ తెరుస్తుంది. కాబట్టి ప్లగ్ పీకే హీరోయిజం వద్దు.”

“పీకను,” అన్నాడు సిద్దిరాములు. “పీకుడు చదువుకున్నోల్ల పని. మేం విప్పి కడతం.”

“షూట్ హిమ్.”

“అమ్మా, గా చీర మీ నాయిన నెయ్యలే,” అన్నాడు సిద్దిరాములు వెనక్కి తిరగకుండానే. “పల్లు వెనక తెల్లగున్నది. ప్రింటు.”

ట్రిగ్గర్ నొక్కింది. టిక్. మళ్ళీ నొక్కింది. టిక్.

“గోలీలు నా కాడున్నయ్ మేడం,” అన్నాడు బషీర్, షట్టర్ లోపలి నుంచి దించి తాళం వేస్తూ. “పొద్దున మీరు టిఫిన్‌కు పోయినప్పుడు సంచి సర్వీసింగ్ చేసిన.”

సతీశ్ సిద్దిరాములు మీదికి దూకాడు. బషీర్ చేతిలోని పాత జాయ్‌స్టిక్, ఇనుప పెట్టెతో సహా, అతని నెత్తిన పడింది. ఎనభైల నాటి సరుకు. బరువుగా చేసేవారు. భాగ్యశ్రీ షట్టర్ తాళంతో పెనుగులాడుతోంది.

పదకొండు యాభై తొమ్మిది.

తెర మీద ఒకట్లు, సున్నాలు. మూడో వరస. ఒకటి కొట్టేసి సున్నా. ఏడో వరస. వేలు జారి పక్క గడిలో పడింది.

“జల్దీ భాయ్!”

“ముడి ఇప్పేటప్పుడు తొందర చేస్తే నూలు తెగుతది. ఆగు.” పక్క గడిని సరిచేశాడు. సున్నా. పదకొండో వరస. సున్నా. వాచీలో యాభై తొమ్మిదో సెకను కదిలింది. ఒంటివేలు సేవ్ మీద పడింది.

పన్నెండు.

తెర మీద కోట వచ్చింది. ఎడమ ఇరవై, కుడి ఇరవై. మడత సరిగ్గా కూర్చుంది. కానీ అక్కడ ఏమైందో ఆ బొమ్మ చెప్పదు. బషీర్ ఇద్దరినీ కీబోర్డు వైర్లతో కట్టేశాడు. సిద్దిరాములు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మూడు నిమిషాలు. ఎనిమిది నిమిషాలు.

పన్నెండు పన్నెండుకు మోగింది.

“బువ్వ తిననీకి పైకొచ్చిన. గిన్ని మిస్డ్ కాల్సేందే అన్నా?” అంది మంజుల.

“అంత మంచిదేనా?”

“మంచిగనే ఉన్నది. నీ గొంతేంది గట్లున్నది? చీరలు అమ్ముడుపోలేదా?”

“పోలే,” అన్నాడు సిద్దిరాములు, కళ్ళు తుడుచుకుని.

ఖాళీ చేయమన్న లెటర్ పంప్‌హౌస్‌కు నాలుగో రోజు చేరింది. అదే వారం అవార్డు ఫారం వచ్చింది. రాజేందర్ పెన్ను పట్టుకుని ఒక గడి దగ్గర ఆగాడు.

“విద్యార్హత అని ఉంది. ఏడో తరగతి అని రాస్తే పైవాళ్ళు సంతకం పెట్టరయ్యా. సగం చదువే కదా నీది!”

“సగమే రాయండి సార్,” అన్నాడు సిద్దిరాములు. “కాగితం మడిచి పంపితే రెండో సగం దానంతటదే వస్తది.”