సాగిపోయిన హీరో

"ఆ పెట్టె పేలిందంటే ఇల్లంతా అంటుకుంటుంది బాబూ, ముందే చెప్తున్నా!"

అప్పటికి అతను ప్లగ్గు కూడా పెట్టలేదు. మా వీధి చివర టీవీలు బాగుచేసే అబ్బాయి. పోయిన వారం గుమ్మంలో నిలబడి మా చిన్నదాన్ని, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు. వంటింట్లోంచి విన్నాను. అది ఔననలేదు, కాదనలేదు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఇతను విసిగిపోయి ఇంకెవర్నైనా చూసుకుంటే?

"పేలదు ఆంటీ. పాత వీడియో క్యాసెట్ సిగ్నల్ కొత్త టీవీకి అర్థం కాదు. ఈ కన్వర్టర్ పెట్టె దాన్ని మార్చి, బొమ్మని పెద్ద తెరకి సరిపడా పెంచుతుంది."

"పెంచితే మొహాలు స్పష్టంగా వస్తాయా?" అంది చిన్నది.

"క్యాసెట్‌లో లేనిది ఎక్కణ్నుంచి తెస్తుంది? పక్కనున్న చుక్కల్ని చూసి, మధ్యలోవి ఊహించి నింపుతుంది."

తెర వెలిగింది. కాలేజీ నాటకం. మసకమసగ్గా మా చిన్నది. దాని చెయ్యి పట్టుకుని, బారెడు భుజాలతో, మీసాలతో ఒక హీరో.

అతని చేతిలో రిమోట్ ఆగిపోయింది.

"ఎవడు వాడు?"

"బాగున్నాడు కదూ?"

"గోడలా ఉన్నాడు. చెయ్యి వదలడేం?"

"నేనే వదలొద్దన్నాను."

నేను నిజం చెప్పెయ్యబోతే చిన్నది నా వైపు గుడ్లురిమింది. అతను షార్ప్‌నెస్ పెంచాడు. మొహం తేలలేదు గానీ మీసం ఇంకా గుబురైంది.

"ఇప్పటికీ మాట్లాడుకుంటారా?"

"రోజూ. నిన్న గంటసేపు మాట్లాడాం."

అతను స్క్రూడ్రైవర్లు సంచిలో పడేశాడు. అయిపోయింది, సంబంధం చేజారింది! ఉండబట్టలేక అనేశాను.

"వెళ్ళేముందు ఒక్కసారి చూడు బాబూ. మా పిల్ల ఏనాడూ అంత లావు లేదు. అందరూ అలా సాగిపోయారేం?"

అతను నాలుక్కరుచుకున్నాడు. పాతకాలపు చదరపు బొమ్మని వెడల్పు తెర నిండా లాగి వదిలేశాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు సరిచేసేది అదేనట! రిమోట్ నొక్కాడు. రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చాయి. హీరో భుజాలు సన్నబడ్డాయి, నడుం వచ్చింది. మీసం కింద మా పెద్దమ్మాయి నవ్వు బయటపడింది.

"వదినా!" అన్నాడు నోరు తెరిచి.

"అప్పుడే వదినైపోయిందా? ఆడపిల్లల కాలేజీలో మగవేషం ఇంకెవరు వేస్తారు?" చిన్నది పకపకా నవ్వింది.

అతను నవ్వలేదు. "నువ్వేమీ చెప్పకపోతే నేనూ ఈ పెట్టెలాగే ఊహించి నింపుకుంటాను. నింపుకున్నవన్నీ ఇలాంటివే."

దాని నవ్వు ఆగిపోయింది. నాటకం అయిపోయి తెరంతా చుక్కలు. కాదంటుందేమోనని నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి అది అతని సంచిలోంచి స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. ఆఖరుది కూడా పెట్టాక అప్పుడంది.

"నిన్న అక్కతో గంటసేపు మాట్లాడింది నీ గురించే. చేసుకుంటానని చెప్పాను."