హుక్... సరే!

ఒసాకాలో నది ఒడ్డున మేం కట్టిన ఆ బిల్డింగు ఇంకా సగంలో ఉన్నప్పుడు, చీకటి పడితే తొమ్మిదో అంతస్తు లిఫ్టు గొయ్యి దగ్గరికి ఎవడూ వెళ్ళేవాడు కాదు. మేస్త్రీ బూతులు తిట్టినా సరే... ఊహూఁ!

అక్కడే త్సుకుదా పడ్డాడు. పరంజా కట్టడంలో మా అందరికంటే చెయ్యి తిరిగినవాడు. కింద పునాదిలో ఇనుప చువ్వలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి వీపులో దిగి గొంతులోంచి బయటికొచ్చింది. చువ్వని కోసి, దాంతో సహా మోసుకెళ్ళాం. నేనూ ఓ చెయ్యి వేశాను. ఇప్పటికీ మాంసం ముందు పెడితే లేచిపోతాను.

మా పనిలో ఒక పద్ధతుంది. అంచు మీద వంగేముందు, జోడీవాడు నీ నడుం బెల్టు హుక్కు గొట్టానికి తగిలించి ఉందని కళ్ళారా చూసి, వేలెత్తి చూపిస్తూ "హుక్... సరే!" అని కేకెయ్యాలి. నువ్వు తిరిగి "సరే!" అని వంగాలి. ఏళ్ళ తరబడి చేసీ చేసీ, ఆ కేక వినబడితే చాలు, ఒళ్ళు దానంతటదే వంగిపోతుంది.

ఆ రోజు త్సుకుదాకి కేక వేసింది మేస్త్రీ మురొయి. కానీ కంపెనీవాళ్ళు, "హుక్ తగిలించుకోలేదు, తప్పు చచ్చినవాడిదే" అని తేల్చేశారు. పైగా మర్నాడు పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి భద్రత మీద ఉపన్యాసం! సిగ్గుండక్కర్లా?

అప్పట్నుంచే గోతిలోంచి గొంతు వినిపిస్తోందన్నారు. త్సుకుదా గొంతే... దక్షిణాన కగోషిమా వాడు కదా, అక్కడి యాసలో "స...రే" అని సాగదీసేవాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఇసొబె అని ఒకడు కొత్తగా చేరాడు. ముప్ఫై దాటినవాడు. నోట్లో నాలుక లేనట్టుండేవాడు, కేక కూడా గొణిగినట్టు వేసేవాడు. జరిగింది అతనే నాకు ఒడెన్ పులుసు అమ్మే బండి దగ్గర కూర్చుని చెప్పాడు.

ఒక రాత్రి తుఫాను మొదలైంది. గొయ్యి చుట్టూ కట్టిన టార్పాలిన్ పట్టా ఊడి టపటపా కొట్టుకుంటోంది. తిరిగి కట్టడానికి ఎవరూ కదల్లేదు.

"దెయ్యమా? నా బొంద! పదరా ఇసొబె!" అన్నాడు మురొయి. అప్పటికే రెండు గుక్కలు వేసున్నాడు.

పైన హెల్మెట్ దీపాలు తప్ప వెలుగు లేదు. గాలి... కింద ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు...

"మేస్త్రీ గారూ," ఇసొబె మెల్లగా అడిగాడు, "ఆ రోజు మీరు నిజంగా హుక్ చూశారా?"

"చూడ్డమేంట్రా! సిగరెట్ ముట్టించుకుంటూ ఊరికే అరిచా. వాడికి మాత్రం కళ్ళు లేవూ? నమ్మి చచ్చాడు వెధవ!"

నవ్వాడట. నవ్వాడు!

ఇసొబె అవతలి మూలకెళ్ళి పట్టా తాడు పట్టుకున్నాడు. మురొయి ఒక గొట్టానికున్న హుక్ తీసి ఇంకో గొట్టానికి తగిలించబోయేంతలో, పట్టా ఎగిరి మొహాన కొట్టింది. రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టాడు. హుక్ నడుం దగ్గరే వేలాడుతోంది... తగిలించాడో లేదో వాడికే తెలీదు.

"హుక్ చూడరా!" అని అరిచాడు.

అప్పుడు... చీకట్లోంచి...

"హుక్... స...రే!"

"సరే!" అన్నాడు మురొయి. వంగాడు.

హెల్మెట్ దీపం గోడ నుంచి గోడకి గిరగిరా తిరిగింది. మధ్యలో ఇనుప దూలానికి తగిలి దవడ ఊడిపోయింది. ఆ తర్వాత చువ్వలు — ఈసారి మూడు. అయినా వెంటనే ప్రాణం పోలేదు. కుడిచెయ్యి చాలాసేపు నడుం దగ్గర తడుముకుంటూనే ఉంది... హుక్ కోసం.

"నేను అరవలేదు బాబాయ్," అన్నాడు ఇసొబె. "అది త్సుకుదా గొంతే."

పోలీసులకీ అదే చెప్పాడు. వాళ్ళు తాగుబోతు ప్రమాదమని రాసుకుని పోయారు. నేను మాత్రం నమ్మాను. ఎలాగూ దిక్కుమాలిన చోటది!

తర్వాత త్సుకుదా సంవత్సరీకానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఫోటో ముందు నల్లబట్టల్లో కూర్చుని అగరొత్తి వెలిగిస్తున్నవాడు తలెత్తాడు.

ఇసొబె.

"మా మరిది," అంది త్సుకుదా భార్య. "చిన్నప్పుడే మేనమామకి దత్తత ఇచ్చారు, అందుకే ఇంటిపేరు వేరు."

త్సుకుదా పోయాక పనిలో చేరినవాడు ఆ గొంతుని ఎలా గుర్తుపట్టాడు? ఇన్నాళ్ళూ నాకా ప్రశ్నే తట్టలేదు!

ఒక్క నిమిషం కూడా ఉండలేకపోయాను. బయటికొచ్చి స్కూటర్ ఎక్కి హెల్మెట్ పెట్టుకున్నాను. వెనక నుంచి...

"పట్టీ... స...రే!"

త్సుకుదా గొంతు. అచ్చం అదే.

తిరిగి చూశాను. గుమ్మంలో ఇసొబె, నా గడ్డం వైపు వేలు చూపిస్తూ నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఆ రాత్రి అరిచింది..." అన్నాను.

"అన్నయ్యే," అన్నాడు.

గడ్డం కింద తడుముకున్నాను. పట్టీ బిగించే ఉంది.