కుంచె మొన

పొద్దున్నే పనిగది తలుపు తీసి, కోడలు ముందుగా చూసింది కుంచెల డబ్బానే. అందులో గీతల కుంచె లేదు.

పూత వేసే వెడల్పు కుంచె ఉంది. దుమ్ము దులిపేది ఉంది. వెంట్రుకవాసి గీత గీసే సన్నటి కుంచె ఒక్కటే మాయమైంది. ఈ వారంలో ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. ముందు, గాజుపలక మీద నూరి మూతపెట్టుకున్న రంగును ఎవరో గోకి శుభ్రంగా కడిగేశారు. తర్వాత, పనిచేసుకుంటూ తాగుదామని బల్ల మీద పెట్టుకున్న టీ కప్పు తిరిగి చూసేసరికి వంటింట్లో బోర్లించి ఉంది.

గదికి అటు చివర భర్త గాజుపలక మీద కోత గీత లాగి, రెండు చేతులా పట్టుకుని టిక్కున విరిచాడు.

"ఏమండీ, నా కుంచె చూశారా?"

"పెళ్ళాన్ని సరిగ్గా చూసి వారమైంది. కుంచెనెక్కడ చూస్తాను? చెవి వెనకాల వెతుక్కున్నావా?"

ఆమె నిజంగానే చెవి వెనక తడుముకుంది. అతను పకపకా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ చర్చిల కిటికీలకు రంగుల గాజు బొమ్మలు చేస్తారు. ఇప్పుడు చేస్తున్నది ఒడిలో బిడ్డతో కూర్చున్న తల్లి బొమ్మ. నిలువెత్తు కాగితం మీద బొమ్మ గీసి, ఏ ముక్క ఎక్కడో గుర్తులు వేసి, ఆ కాగితం ప్రకారం నీలం, ఎరుపు, ఆకుపచ్చ గాజులు కోసేశారు. చీకటి గీతలన్నీ రంగుతో రాసేవే. తుప్పు పొడి, గాజు పొడి కలిపి, బంక నీళ్ళతో నూరిన నల్లరంగు అది. రాశాక బట్టీలో కాలిస్తే గాజులో కరిగి ఇమిడిపోతుంది. కాల్చేదాకా మాత్రం వేలు తగిలినా ఊడిపోతుంది. బట్టల మడతలు, బిడ్డ కాళ్ళు, ఆకులు అన్నీ అయిపోయాయి. మిగిలింది అరచేయంత గాజుముక్క, తల్లి ముఖం.

ముఖాలు రాసేది ఎప్పుడూ మామయ్యే. ఇప్పుడు ఆయన చేయి వణుకుతోంది. ఒకరోజు భోజనాల దగ్గర, "ఈసారి ముఖం అమ్మాయి రాస్తుంది" అన్నారు. కోడలికి ముద్ద దిగలేదు సంతోషంతో. ఆ క్షణంలోనే అత్తయ్య చేతిలో గరిటె గాల్లో ఆగిపోవడం కూడా ఆమె చూసింది. అత్తయ్య ఒక్క మాటైనా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. అనకపోవడమే ముల్లులా గుచ్చుకుంది.

ఒకప్పుడు ఈ గదిలో అత్తయ్య కూడా కూర్చునేదట. ఆమె గీసిన గీత తనకు కూడా పడేది కాదని మామయ్యే చెబుతుంటారు. అంతటి మనిషి ఒకరోజు కుంచె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. అలాంటిది ఈ వారం నుంచి రోజూ చీపురు పట్టుకుని వస్తోంది. ఊడ్చిన చోటే ఊడుస్తోంది. తలెత్తితే చాలు, ఆమె చూపు కోడలి మీదే ఉంటోంది.

'నేను పైకి రావడం గిట్టడం లేదు' అనుకుంది కోడలు.

ఆమె కడుపులో ఇంకో మాట ఉంది. అది నిజంగా కడుపులోనే ఉంది. నెల తప్పింది. భర్తకు కూడా చెప్పలేదు. చెబితే మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళ కింద దిండు పెడతారు. ముఖం రాసే పని ఊరి అవతల ఉన్న ఇంకో చిత్రకారుడికి పోతుంది. ఆయన రాసే ముఖాలన్నీ పంటినొప్పితో బాధపడుతున్నట్టుంటాయి. అందుకే, ముఖం బట్టీకెక్కాక చెబుదాం అనుకుంది. ఇంకెంత, రేపు సాయంత్రానికి చర్చివాళ్ళు చూడటానికి వస్తున్నారు.

వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, నా గీతల కుంచె కనబడటం లేదు."

"ఎలుక ఈడ్చుకుపోయిందేమో."

"ఎలుక రంగు కూడా కడిగి పెడుతుందా అత్తయ్యా?"

"శుభ్రం తెలిసిన ఎలుకేమో." అత్తయ్య వెనక్కి తిరగలేదు. "ఏమైనా తిన్నావా? చేతులు కడుక్కునే తిన్నావా? ఏదీ, గోళ్ళు చూపించు."

"నేనేమైనా బళ్ళో పిల్లనా?"

"చూపించమంటే చూపించు."

చూపించింది. అత్తయ్య ఆ వేళ్ళను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది, దొంగ సొత్తు వెతుకుతున్నట్టు. గోరు సందులో నల్లటి మరక కనబడగానే పెదవి బిగించి, సబ్బు చేతిలో పెట్టింది. కోడలికి ఒళ్ళు మండిపోయింది. పనిమనిషిని కూడా ఇలా నిలబెట్టరు.

పాత కుంచె ఒకటి వెతికి పట్టుకుని పనికి కూర్చుంది. దాని వెంట్రుకలు చీలిపోయి ఉన్నాయి. రంగులో ముంచి, పెదవుల మధ్య పెట్టి, నాలుకతో తిప్పి మొన తేల్చింది. మామయ్య కబుర్లలో విని నేర్చుకున్న విద్యే అది. 'మా రోజుల్లో నీళ్ళూ లేవు, గుడ్డా లేదు, మొనకి నాలుకే' అని ఆయన గొప్పగా చెప్పుకుంటారు. కనుబొమ గీత ఒక్క ఊపిరిలో లాగింది. ముక్కు పక్క నీడ, పెదవి విరుపు. మళ్ళీ ముంచి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది. అత్తయ్య నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది గాజును కాదు, కోడలి నోటిని.

"ఏంటత్తయ్యా, అలా చూస్తున్నారు?"

"ఏం లేదు."

"వంకర పోయిందా గీత?"

"గీత బాగానే ఉంది." ఆ మాట అనడానికి ఏదో మింగాల్సి వచ్చినట్టు అంది అత్తయ్య. వెళ్ళిపోయింది.

గీతలు ఆరాయి. వాటి మీద పల్చగా పూత వేసి, వెడల్పు కుంచెతో నిమురుతూ మెత్తటి నీడగా పరిచింది. ఇక మిగిలింది వెలుగు తియ్యడం. ఆరిన పూతను సూదితో గీరితే, గీరిన చోట గాజు బయటపడి వెలుతురు దిగుతుంది. కంట్లో మెరుపు, చెంప మీద తళుకు, అన్నీ అలా వచ్చేవే. ముఖానికి ప్రాణం పోసేది ఆ సూదే. చూస్తే ఆమె సూది మొన విరిగి ఉంది.

అత్తయ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కోడలు ఆమె కుట్టుపెట్టె తెరిచింది. పైన తెల్లటి మెత్తని గుడ్డ, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, సుద్దతో గుర్తులు వేసి ఉంది. జేబురుమాళ్ళనుకుని పక్కకు జరిపింది. కింద తన గీతల కుంచె!

చేతిలోకి తీసుకుని చూసింది. కర్ర ఉంది గానీ వెంట్రుకలు లేవు. కత్తెరతో మొదలంటా కత్తిరించేశారు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక ఆ మొండి కుంచెను బల్ల మధ్యలో పెట్టింది.

"ఎలుక దొరికిందండీ. కుట్టుపెట్టెలో ఉంటోంది, కత్తెర కూడా వాడుతోంది."

భర్త కుంచె వంకా, తల్లి వంకా చూశాడు. "అమ్మా?"

అత్తయ్య వడ్డిస్తూనే ఉంది.

"అడిగితే నేనే ఇచ్చేసేదాన్ని కదా అత్తయ్యా! ఈ ముఖం మీరే రాస్తానంటే కాదనేదాన్నా? నా చేతిలో నాలుగు గీతలు చక్కగా పడుతుంటే మీరు కళ్ళల్లో నిప్పులు పోసుకోవాలా?"

"ఏయ్, మాట!" అన్నాడు భర్త.

"నన్ను అనండి. అది తేలిక."

మామయ్య కంచం పక్కకు నెట్టారు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. ఇప్పుడూ పెరగలేదు. "ఆ రోజు నువ్వు లేచి వెళ్ళిపోయావు," అన్నారు భార్యతో. " నా పక్కన కూర్చోవడం ఇష్టం లేకపోయిందనుకున్నాను. నాకంటే బాగా గీస్తావు, నా కింద పనిచెయ్యడం నామోషీ అయ్యిందేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అడగలేదు. ఇవాళ ఈ పిల్లను కూడా లేపి పంపేద్దామనా?"

అత్తయ్య గరిటె కింద పెట్టింది.

"పొద్దున్నే కుళాయి తిప్పి వదిలి మరీ వాంతి చేసుకుంటావు," అంది కోడలితో. "చప్పుడు బయటికి రాకూడదని. కుళాయి చప్పుడు నాకు తెలియదనుకున్నావా? నేనూ అలాగే తిప్పేదాన్ని."

కోడలి ముఖం పాలిపోయింది. భర్త నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "నాకు చెప్పలేదేం?" అన్నాడు చివరికి.

"నువ్వు ఆగరా," అని అత్తయ్య కోడలి వైపు తిరిగింది. "నువ్వు దాచావు కాబట్టి నేనూ అడగలేదమ్మాయ్. పెద్ద పని చేతికొచ్చింది, అది అయ్యాక చెబుతావులే అనుకున్నా. కానీ ఆ కుంచె నువ్వు నోట్లో పెట్టుకుంటుంటే... రంగు పారబోస్తే మళ్ళీ నూరుకున్నావు. కప్పు తీసేస్తే మళ్ళీ తెచ్చుకున్నావు. కుంచె దాచితే వెతుక్కుంటావు. మొనే లేకపోతే నోట్లో పెట్టుకునే పని ఉండదని కత్తిరించేశా."

"నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?" అంది కోడలు.

"వీడికంటే ముందు ఇద్దరున్నారు నాకు." అత్తయ్య బల్ల మీద మెతుకులు ఒక్కొక్కటే ఏరుతోంది. "కడుపులోనే పోయారు. నా ఒంట్లో బలం లేదన్నారు అందరూ. ఒక్క డాక్టరమ్మ మాత్రం, ఏం పని చేస్తావమ్మా అని అడిగింది. చెప్పాను. మొన ఎలా తేలుస్తామో చేసి చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. గాజు మీద రంగు పట్టడానికి ఆ పొడిలో సీసం కలుపుతారు, అది విషం, రోజూ బిడ్డకు తినిపిస్తున్నావు అంది. ఇంటికొచ్చి కుంచె కింద పెట్టా. ఆ తర్వాతే వీడు."



"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మామయ్య.

"నాలుకతో మొన తేల్చడం నాకు నేర్పిందెవరు?" ఆ మాటలో నిష్ఠూరం లేదు. "చెబితే మీరు మళ్ళీ కుంచె పట్టేవారా? పట్టకపోతే మీరు మీరుగా ఉండేవారా? అందుకే మీ మీసాలు నల్లబడుతున్నాయి, ఎలుగుబంటిలా ఉన్నారని ఎగతాళి చేసి మీ నోటి అలవాటు మాన్పించా. పక్కన నీళ్ళగిన్నె, తడిగుడ్డ పెట్టించా. మీరు మానారు గానీ, పాత గొప్పలు మాత్రం మానలేదు. అవి విని ఈ పిల్ల నేర్చుకుంది."

కోడలికి ఒక్కసారిగా అన్నీ తిరగబడి కనిపించాయి. గోళ్ళు, సబ్బు, కప్పు, సుద్ద గుర్తుల తెల్లగుడ్డ. అవి జేబురుమాళ్ళు కావు. చిన్ని చొక్కా చేతులు.

"నన్ను అడగొచ్చుగా అత్తయ్యా," అంది.

"నువ్వు చెప్పొచ్చుగా."

కోడలు లేచి వెళ్ళి ఆమె భుజంలో ముఖం దాచుకుంది. అత్తయ్య చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తోనే దగ్గరికి తీసుకుంది.

కాసేపటికి భర్త ముక్కు తుడుచుకున్నాడు. "మరి రేపటి సంగతి? ముఖంలో వెలుగు తియ్యలేదు కదా. పంటినొప్పి ఆయన్ని పిలవనా?"

"నోరు ముయ్యరా," అంది అత్తయ్య. కుట్టుపెట్టెలోంచి సూది తీసుకుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంది. పనిగది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగు పెట్టింది.

కోడలికి గడప ఇవతలే కుర్చీ వేశారు. ఎదురుగా కిటికీ. దానికి ఆనించిన పెద్ద రంగులేని గాజుపలక మీద మైనంతో అంటించిన ముఖం, వెనక నుంచి ఎండ పడుతున్నా ఇంకా మసకగానే ఉంది. అత్తయ్య సూది పట్టుకుని నిలబడింది.

"ఎక్కడ?" అంది.

"మీకు తెలియదా అత్తయ్యా?"

"గీత నీది. వెలుగు ఎక్కడో నువ్వే చెప్పాలి."

"ఎడమ కంట్లో... కాస్త పైకి. ఆఁ, అక్కడే."

సూది కదిలింది. రవ్వంత వెలుతురు దిగింది. తల్లి చూడటం మొదలుపెట్టింది.

చెంప, పెదవి అంచు, నుదురు. ఇవతల నుంచి మాట, అవతల నుంచి చేయి. ఎండ వాలకముందే పని అయిపోయింది. భర్త ఆ ముక్కను పసిగుడ్డును ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని బట్టీ దగ్గరికి నడిచాడు.

అత్తయ్య గడప దాటి వచ్చేసరికి మామయ్య అక్కడ నేల మీద కూర్చుని ఉన్నారు. పక్కన నీళ్ళ తొట్టి, సబ్బు. ఎంతసేపటి నుంచి కూర్చున్నారో. ఆమె ఏదో అనబోయింది. ఆయన వణికే చేయి చాచారు.

"ఏదీ," అన్నారు, తలెత్తకుండా. "గోళ్ళు చూపించు."