పదికి దిగువన

రెండువేల డెబ్భై తొమ్మిది నాటికి ఎండలు ఎంత ముదిరాయంటే, పల్నాడు వైపు బళ్ళన్నీ తెల్లవారి అయిదున్నరకు గంట కొట్టి పదింటికల్లా మూసేస్తున్నారు. పిల్లలు చలువ చొక్కాలు తొడుక్కుని, నిద్రమొహాలతోనే వరసలో వచ్చి, గుమ్మం దగ్గర పళ్ళెంలోంచి ఎవరి పోగు వాళ్ళు తీసుకుని చెవి వెనక అంటించుకుంటారు. పోగంటే బంగారం కాదు, మిరపగింజంత ఎలక్ట్రానిక్ బిళ్ళ. మెడ నరాల్లో పారే విద్యుత్తును పట్టి దాచుకోవడం దాని పని. బడి వదిలాక పోగులన్నీ మళ్ళీ పళ్ళెంలో పడతాయి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసినట్టు, ఏ బిడ్డ ఎంత భయపడిందో యంత్రం కొలిచి, హెడ్మాస్టరు బల్ల మీది తెర మీద గీత గీసి చూపిస్తుంది. దాన్ని భయరేఖ అన్నారు.

గీత ఒక్కటే అయితే ఎవరూ లెక్కచేసేవారు కాదు. అసలు సంగతి శిక్షణ కేంద్రంలో ఉంది. అక్కడ నాడీ శాస్త్రవేత్త డాక్టర్ పమిడి అరుంధతి తయారుచేసిన అనుభవపీట ఉంది. చూడ్డానికి మంగలి కుర్చీలా ఉంటుంది. ఉపాధ్యాయుణ్ణి అందులో కూర్చోబెట్టి, వెన్నుకు పట్టీ కట్టి, పిల్లవాడి పోగులోని ఒక గంటను అతని నరాల్లోకి వదులుతారు. దీన్ని నాడీ ప్రతిధ్వని అంటారు. ఆ గంటసేపు మాస్టారు మాస్టారు కాదు. తన క్లాసులోనే, మూడో వరసలో, కాళ్ళు నేలకందని బెంచీ మీద కూర్చున్న పదేళ్ళ బిడ్డ. గొంతు ఆ బిడ్డదే, కడుపులో తిప్పడం ఆ బిడ్డదే, ఎదురుగా నిలబడి అరిచే మనిషి మాత్రం తానే.

దెబ్బ రుచి తిన్నవాడికి తెలుస్తుంది గానీ వడ్డించినవాడికేం తెలుస్తుందని అరుంధతి వాదన. అది నిజమే అయింది. మొదటి మూడేళ్ళలో బెత్తాలు విరిచి పొయ్యిలో పెట్టిన మాస్టర్లున్నారు. పీట దిగి బావురుమన్నవాళ్ళున్నారు. రాష్ట్రం మొత్తం మీద డెబ్భై దగ్గరున్న భయరేఖ ముప్ఫైకి దిగింది. దానితో పైవాళ్ళకు ఆశ పుట్టింది. ముప్ఫై ఎందుకుండాలి, పది చాలన్నారు. తరగతి సగటు పదికి దిగువన ఉండాలి, ఏ ఒక్క బిడ్డ గీతా ఇరవై దాటకూడదు. దాటితే ఎరుపు. మూడుసార్లు ఎరుపు పడిన ఉపాధ్యాయుణ్ణి బోధన నుంచి తప్పించి పుస్తకాల గోదాముకు కాపలా పంపిస్తారు. పూర్వం తనిఖీ రోజున మొద్దు పిల్లల్ని ఇంటి దగ్గరే ఉంచేసేవారు కదా, ఆ ఎత్తు కూడా ఇక్కడ పారదు. బడికి రాని బిడ్డ భయం నూటికి నూరని రాసుకుంటారు.

గుమ్మనంపాడు బడిలో అయిదో తరగతికి లెక్కలు చెప్పే కొమ్మాలపాటి శేషగిరికి రెండుసార్లు ఎరుపు పడింది.

ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో అతను ఒక్క పిల్లవాడి మీద చెయ్యెత్తి ఎరగడు. భిన్నాలు చెప్పడానికి దోసెలు కోసినవాడు, త్రిభుజం చెప్పడానికి పిల్లలతో పందిరి వేయించినవాడు. బడిలో తప్ప మరో చోట ఊపిరాడని మనిషి. అతని తరగతి సగటేమో ముప్ఫై నాలుగు. పక్క గదిలో నాగభూషణం ఉన్నాడు. పిల్లల చెవులు మెలిపెట్టడంలో మండలంలోనే పేరు పడ్డవాడు. అతని సగటు నాలుగు.

రెండో శిక్షణకు వెళ్ళినప్పుడు శేషగిరిని సంపూర్ణ అనే పిల్ల గంటలో కూర్చోబెట్టారు. సోలారు పలకల మీద దుమ్ము తుడిచే అంకారావు కూతురు. అతని క్లాసులోకెల్లా చురుకైన పిల్ల, అందరికంటే ఎత్తున ఎగిరిన గీత కూడా ఆ పిల్లదే, అరవై ఒకటి.

పీటలో అతనికి తెలిసింది ఇదీ. లెక్క అయిపోయింది. పలక రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. సారు రెండో వరసలో ఉన్నాడు. గంట కొట్టేలోగా ఈ వరసకు వస్తాడా రాడా. చెప్పు చప్పుడు దగ్గరైన కొద్దీ గొంతు ఎండిపోతున్నది, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నది. సారు వచ్చాడు. పలక చూశాడు. భేష్ అన్నాడు. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది, మేక పిల్లలా గెంతాలనిపించింది. ఆ వెంటనే మళ్ళీ కడుపులో బరువు. రేపు కూడా అంటాడా?

పట్టీలు విప్పుతున్న అరుంధతిని అతను అడిగాడు.

"ఇది భయమంటారా డాక్టరమ్మా?"

ఆమె విప్పిన పట్టీని చుట్టచుట్టింది. దెబ్బకు వణికినా, మెప్పు కోసం వణికినా గొంతు ఎండేది ఒకే నరం వల్లనని, పోగుకు ఆ తేడా పట్టడం చేతకాదని చెప్పింది. రెండింటినీ విడదీసే కొలత కావాలని పైకి ఆరు ఉత్తరాలు రాసిందట. ఒక గీతకే జవాబు చెప్పలేక చస్తున్నాం, రెండో గీతెందుకని వాళ్ళు తిరుగుటపాలో రాశారట.

"మూడోది ఆఖరుదండీ మాస్టారూ. నలభై రోజులుంది. పదికి దించుకురండి. ఎట్లా అని మాత్రం నన్నడక్కండి," అంది తల దించుకుని.

ఎట్లాగన్నది శిక్షణకు తనతోపాటు వచ్చిన నాగభూషణం చెప్పాడు. శిక్షణ కేంద్రంలో నేర్చుకునేదంతా గదుల్లో కాదు, వెనకాల టీ బంకు దగ్గర. నేర్పేవాళ్ళు చెప్పేది ఒకటి, నెగ్గినవాళ్ళు చెప్పేది ఒకటి.

"నీ జబ్బేందో చెప్పనా శేషూ," అన్నాడు గ్లాసు ఊదుకుంటూ. "ఆశ ఉన్నకాడే భయముంటది. చేను నిలువునా ఎండినాక రైతు మబ్బు వంక చూస్తాడా? చూడడు. హాయిగా పడుకుంటాడు."

"అయితే నువ్వేం జేశావు?"

"ఏం జెయ్యలా. అదే మందు. తిట్టబాక, మెచ్చుకోబాక. పేరు పెట్టి పిలవబాక. పీట మీద కూకున్నావుగా, ఎక్కడ పట్టుకుని యేలాడతన్నారో నీకు తెలిసిందిగా. ఆ చేతి యేళ్ళు విడిపించు, అంతే."

శేషగిరికి ఆ టీ సయించలేదు. కానీ ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. తాను గోదాముకు పోతే ఈ ముప్ఫై మంది పిల్లలు నాగభూషణం చేతిలో పడతారు. వాడి చేతిలో పడకుండా కాపాడాలంటే తాను నెగ్గాలి. నెగ్గాలంటే నలభై రోజులు వాడిలా ఉండాలి. ఆ తరువాత మళ్ళీ తన దారి తనది. కాలు విరిగినవాడికి నలభై రోజులు కట్టు కట్టరా, ఇదీ అంతే. మనిషికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అతను దాన్ని నమ్మాడు.

సోమవారం నుంచి పిల్లల్ని పేర్లతో పిలవడం మానేశాడు. వరస నంబరు, బెంచీ నంబరు. పలక తెచ్చి చూపిస్తే, తప్పైనా ఒప్పైనా, "సరే, కూర్చో." చూపు మాత్రం పిల్లల నెత్తి మీదుగా గోడ గడియారం మీద. వారానికల్లా సగం తరగతి చల్లబడింది. పిల్లలు లెక్కలు చేస్తున్నారు, గోల లేదు, ప్రశ్నల్లేవు. హెడ్మాస్టరు సలోమీ మేడం తెర చూసి, మాస్టారూ, మీ చెయ్యి తిరిగిందండీ అంది.

సంపూర్ణ గీత మాత్రం పెరిగింది. అరవై ఒకటి డెబ్భై అయింది, డెబ్భై ఎనిమిది అయింది. తానేదో తప్పు చేశాననుకుంది ఆ పిల్ల. ఇచ్చిన లెక్క రెండు విధాలుగా చేసి తెచ్చింది. చెప్పకుండానే బోర్డు తుడిచింది. ఒకరోజు మోదుగాకులో రేగుపళ్ళు కట్టి అతని బల్ల మీద పెట్టింది. అతను వాటిని పిల్లల ముందే తీసి కిటికీ అవతలకు, మేకకు వేశాడు. ఆ రోజు గీత ఎనభై మూడు.

తక్కిన మాస్టర్లకు తెలియనిది శేషగిరికి తెలుసు. ఆ పిల్ల నరాల్లో గంటసేపు కాపురమున్నాడు. ఆఖరి వేలు ఎక్కడ పట్టుకుని ఉందో అతనికి చీకట్లో కూడా కనబడుతుంది. ఆ పిల్లకు లెక్కల మీద కాదు ఆశ, తాను చేస్తే సారుకు తెలుస్తుందన్న దాని మీద.

ఇరవై ఆరో రోజున ఆమె సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టి తెచ్చింది. పెద్ద పెద్ద గుణకారాలు గళ్ళు గీసి విరిచి చేసే పద్ధతి. పుస్తకంలో లేనిది, అతనెప్పుడూ చెప్పనిది. చూడగానే అతని గుండె ఝల్లుమంది. పందొమ్మిదేళ్ళలో ఇలాంటి పలక తన ముందుకు రాలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్. సంపూర్ణని సార్."

"ఎవరు చేసినా ఒకటేలే," అని తడిగుడ్డతో తుడిచేసి, పలక చేతికిచ్చాడు. "సరే, కూర్చో."

ఏడవలేదు ఆ పిల్ల. వెళ్ళి కూర్చుంది. ఆ గంటలో గీత తొంభైకి లేచి, బావిలో తాడు తెగిన చేదలా కిందికి జారింది. మర్నాడు పన్నెండు. ఆ మర్నాడు మూడు. తరువాత రెండు, రెండు, రెండు.

మూడో శిక్షణలో శేషగిరి తరగతి సగటు ఆరు. పచ్చ. మార్పు ఎక్కువ కనబడిన బిడ్డ గంటలో కూర్చోవడం ఆనవాయితీ కనుక, పైనుంచి వచ్చినవాళ్ళు చూస్తుండగా అతన్ని మళ్ళీ సంపూర్ణ గంటలోకి పంపారు. గొంతు ఎండలేదు. కడుపులో బరువు లేదు. పైన ఫాను తిరుగుతున్నది. ముందర ఎవరో ఒక మనిషి నిలబడి ఏదో చెబుతున్నాడు. ఆ మనిషి మొహం చూద్దామని శేషగిరి ఎంత తన్నుకున్నా కుదరలేదు. ఆ పిల్ల ఆ గంటలో ఒక్కసారి కూడా అటు చూడలేదు.

లోపల ఏముందని అరుంధతి మెల్లగా అడిగింది.

"చాలా ప్రశాంతంగా ఉందండీ," అన్నాడు. పక్కనున్న అధికారికి ఆ మాట నచ్చి, శిక్షణ పుస్తకంలో వేయడానికి రాసుకున్నాడు. దండ వేశారు. నాగభూషణం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు శేషగిరి గంట కంటే ముందే బడికి వెళ్ళాడు. నలభై రోజులూ అయిపోయాయి, కట్టు విప్పుకోవచ్చు. పోగుల గీతలు బడి వదిలేదాకా ఆగకుండా అప్పటికప్పుడు కనబడేలా సర్దించి, సలోమీ మేడం తెరను అడిగి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. అందర్నీ పేరుపేరునా పిలిచాడు. పిలిచినవాళ్ళు లేచి నిలబడి, పని చెబుతాడేమోనని చూసి, కూర్చున్నారు. సంపూర్ణను బోర్డు దగ్గరకు రమ్మన్నాడు. తాను తుడిచేసిన ఆ పద్ధతిని తానే పెద్దపెద్ద అంకెలతో బోర్డు మీద వేసి, ఇది సంపూర్ణ పద్ధతి, ఇంత పెద్ద చదువులు చదివిన నాకే తట్టలేదని అందరికీ చెప్పాడు.

"భేష్ తల్లీ," అన్నాడు. అతని గొంతు ఎండిపోయింది.

"సరే సార్," అంది.

తెర వంక చూశాడు. రెండు.

"నేను చేసింది తప్పమ్మా. నీ మీద కోపముండి కాదు."

"సరే సార్. కూచోనా?"

రెండు. అతను తెర మీదికి వంగాడు. ఆ గీత ఒక్క మిరపగింజంత కదిలితే చాలు, ఏడ్చినా చాలు, తిట్టినా చాలు. చెయ్యి చాపమన్నాడు. చాపింది. బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని, పందొమ్మిదేళ్ళలో మొదటిసారిగా, ఆ అరచేతి మీద శక్తికొద్దీ కొట్టాడు. దెబ్బ చప్పుడుకు కిటికీ మీది పిచ్చుక లేచిపోయింది గానీ బెంచీల మీద ఒక్క తలా పైకి లేవలేదు. అరచెయ్యి ఎర్రగా కమిలింది.

తెర మీద రెండే. పచ్చగా వెలుగుతున్నది.

సంపూర్ణ ఆ చెయ్యి గౌనుకు తుడుచుకుని, అడగకముందే రెండో చెయ్యి చాపింది.